ఇక్కడి వానకి కార్తెలు లేవు

(సంక్షేమ వేదిక వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా మనం ఇక్కడ కూర్చుని జీతాలు, వీసాలు, అద్దెలు, ఇన్సూరెన్సుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి వాన గురించీ ఎండ గురించీ మాట్లాడుకుందాం అనుకున్నాం. ఇదేం విషయం అని కొందరికి అనిపించొచ్చు. ఒక్కసారి లెక్క వేసుకోండి. మనలో తోటల్లో కాయ కోసేవాళ్లున్నారు, సైట్లలో పనిచేసేవాళ్లున్నారు, ట్రక్కులు, టాక్సీలు నడిపేవాళ్లున్నారు, సైకిలు మీద భోజనాలు చేరవేసే పిల్లలున్నారు. వాన పడితే వీళ్లలో సగం మందికి ఆ రోజు కూలి లేదు. ఎండ ముదిరితే ఒళ్లు చెడుతుంది. వరద వస్తే రోడ్డు మీద ఉన్నది మనవాళ్లే. ఈ దేశంలో వాతావరణం మన జేబుకీ మన ప్రాణానికీ సంబంధించిన విషయం.

మనూళ్లో అయితే వాన సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగుల్తాయనీ, మృగశిర వస్తే చల్లబడుతుందనీ చిన్నప్పుడే చెవిన పడింది. వాన ఎక్కువో తక్కువో పడొచ్చు గానీ, ఏ నెలలో రావాలో ఆ నెలలో వస్తుందని ఒక నమ్మకం. ఇక్కడికొచ్చాక మొదటి రెండేళ్లూ ఆ నమ్మకంతోనే బతుకుతాం. ‘నిరుడు ఈ నెలలో పొడిగా ఉంది, ఈసారీ అలాగే ఉంటుంది’ అనుకుని పనికి ఒప్పుకుంటాం, డబ్బు ఇంటికి పంపేస్తాం. తీరా చూస్తే నెలంతా వానే. ఇక్కడ నిరుటి లెక్క ఈ ఏటికి పనికిరాదు. ఎందుకు పనికిరాదో తెలుసుకుంటే ఏం చూసి నడుచుకోవాలో తెలుస్తుంది. ఈరోజు చెప్పదలుచుకున్నది అంతే.

దేశం పెద్దది, వాన చిన్నది

ఆస్ట్రేలియా విస్తీర్ణం దాదాపు 77 లక్షల చదరపు కిలోమీటర్లు. మన భారతదేశానికి రెండు రెట్ల కంటే ఎక్కువ. వాన మాత్రం, దేశం మొత్తానికి సగటు కడితే, ఏడాదికి సుమారు 465 మిల్లీమీటర్లు. కరువు జిల్లా అని మనం చెప్పుకునే అనంతపురంలో సుమారు 550 పడుతుంది. అంటే ఈ దేశపు సగటు అనంతపురం కంటే తక్కువ. మనుషులు ఉండే ఖండాలన్నిటిలోకీ ఇదే పొడి ఖండం. పైగా పడ్డ వానలో నూటికి తొంభై పాళ్లు ఆవిరిగా తిరిగి గాలిలోకే పోతుంది. నదుల్లోకి చేరేది పదో వంతే.

సగటు అన్నాం గదా, దాన్ని నమ్ముకుని ఏ ఊరికీ పోలేం. డార్విన్‌లో ఏడాదికి దాదాపు 1,700 మిల్లీమీటర్లు పడుతుంది. సిడ్నీలో దాదాపు 1,200. మెల్‌బోర్న్‌లో 650 దాకా. అడిలైడ్‌లో ఇంకా తక్కువ. నడిమధ్యనున్న ఆలిస్ స్ప్రింగ్స్‌లో సుమారు 280. క్వీన్స్‌లాండ్ ఉత్తరాన అరటి తోటలున్న టల్లీ అనే చిన్న ఊళ్లో మాత్రం 4,000 పైన పడుతుంది. అక్కడ 1950లో ఒక్క ఏడాదిలోనే 7,900 మిల్లీమీటర్లు పడిందట. దానికి గుర్తుగా 7.9 మీటర్ల ఎత్తున పెద్ద బంగారు రంగు బూటు బొమ్మ కట్టి నిలబెట్టారు. ఒకే దేశంలో ఇంత తేడా ఎందుకు? కారణాలు నాలుగు చెప్పుకోవచ్చు.

పైనుంచి దిగే గాలి

మొదటిది, ఈ దేశం ఉన్న చోటు. భూమధ్యరేఖ దగ్గర ఎండకి గాలి వేడెక్కి పైకి లేస్తుంది. పైకి పోయిన తేమ మబ్బై అక్కడే కురిసిపోతుంది. తడి పోయిన ఆ గాలి ఎత్తున ప్రయాణం చేసి, ఉత్తరాన ముప్ఫై డిగ్రీల దగ్గరా దక్షిణాన ముప్ఫై డిగ్రీల దగ్గరా కిందికి దిగుతుంది. దిగే గాలి వేడెక్కుతుంది, పొడిబారుతుంది. దాని కింద మబ్బు కట్టదు. సహారా, అరేబియా ఎడారులు ఉత్తరం వైపు ఆ పట్టీ కిందే ఉన్నాయి. దక్షిణం వైపు పట్టీ కింద సరిగ్గా ఆస్ట్రేలియా ఉంది. టీవీలో వాతావరణ పటం మీద ‘హై’ అని పెద్ద అక్షరం కనిపిస్తుంది చూడండి, అది ఈ దిగే గాలే. దాన్ని అధిక పీడనం అంటారు.

ఈ పట్టీ ఒకేచోట ఉండదు. సూర్యుడితో పాటు ఉత్తరానికీ దక్షిణానికీ జరుగుతుంది. చలికాలంలో, అంటే జూన్, జులై, ఆగస్టుల్లో, అది ఉత్తరానికి జరిగి దేశం నడుమ కూర్చుంటుంది. అప్పుడు దక్షిణ మహాసముద్రం నుంచి చల్లటి గాలులు వరసగా వచ్చి పెర్త్‌కీ, అడిలైడ్‌కీ, మెల్‌బోర్న్‌కీ వాన తెస్తాయి. అదే సమయంలో డార్విన్‌లో చుక్క పడదు. ఎండాకాలంలో, డిసెంబరు తర్వాత, పట్టీ దక్షిణానికి జరుగుతుంది. అప్పుడు పెర్త్, అడిలైడ్ ఎండిపోతాయి, ఉత్తరాన తలుపు తెరుచుకుని డార్విన్‌కి రుతుపవనం వస్తుంది.

ఆ రుతుపవనం మనకి పరాయిది కాదు. జూన్‌లో మన కేరళ తీరాన్ని తాకే గాలి ఈ దక్షిణార్ధగోళంలోనే, హిందూ మహాసముద్రం మీద పుట్టి, భూమధ్యరేఖ దాటి మన వైపు తిరుగుతుంది. డిసెంబరు వచ్చేసరికి గాలి ఎదురు తిరిగి, ఆసియా వైపు నుంచి భూమధ్యరేఖ దాటి డార్విన్ మీదికి వస్తుంది. మన దగ్గర సంక్రాంతి ముగ్గులు వేసే రోజుల్లో డార్విన్‌లో జోరువాన. తుపాన్లూ అంతే. 1977 నవంబరు 19న దివిసీమని ముంచిన ఉప్పెన మన పెద్దవాళ్లకి గుర్తే. దానికి మూడేళ్ల ముందు, 1974 డిసెంబరు 25న, ట్రేసీ అనే తుపాను డార్విన్ ఊరు ఊరంతా నేలమట్టం చేసింది. బంగాళాఖాతంలో తుపాను గడియారం ముల్లుకి ఎదురు తిరిగితే, ఇక్కడ ముల్లు తిరిగినట్టే తిరుగుతుంది. తేడా అంతే.

అరటి తోటల పనికి వెళ్లేవాళ్లు ఒకటి గమనించాలి. ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో తుపాన్ల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. 2006లో లారీ, 2011లో యాసీ, రెండూ ఇన్నిస్‌ఫెయిల్, టల్లీ చుట్టుపక్కల తోటల్ని పడగొట్టాయి. ఆ ఏళ్లలో తోట పడిపోయిన రోజే అక్కడి కూలీల పనీ పోయింది. ఆ నెలల్లో అటు వెళ్లేవాళ్లు తిరుగు ప్రయాణానికి డబ్బు విడిగా పెట్టుకోవాలి.

కొండ పెట్టే వాటా

రెండోది కొండ. తూర్పు తీరం పొడుగునా గ్రేట్ డివైడింగ్ రేంజ్ అని 3,500 కిలోమీటర్ల కొండల వరస ఉంది. పేరు పెద్దదే గానీ ఎత్తు పెద్దది కాదు. ఇందులో అన్నిటికంటే ఎత్తైన కోషియస్కో శిఖరం 2,228 మీటర్లు. మన పడమటి కనుమల్లోని ఆనైముడి 2,695. అయినా కొండ చేసే పని కొండ చేస్తుంది. సముద్రం మీది నుంచి వచ్చే తేమగాలి కొండెక్కి తీరం వైపే కురుస్తుంది, వెనక వైపుకి పొడిగాలి మిగుల్తుంది. పడమటి కనుమలకి అటు కేరళ, కొంకణం తడిసి ముద్దవుతుంటే, ఇటు రాయలసీమ ఆకాశం వైపు చూస్తుంటుంది గదా. ఇక్కడా అంతే. తీరాన సిడ్నీ, బ్రిస్బేన్ పచ్చగా ఉంటాయి, కొండ దాటితే గోధుమ చేలు, ఇంకా పడమటికి పోతే ఎర్రమట్టి.

కొండ వెనక ఉన్నదే మర్రే డార్లింగ్ నదుల పరీవాహకం. గ్రిఫిత్, మిల్డూరా, షెపర్టన్, మనవాళ్లు ద్రాక్ష, నారింజ, పియర్ కోతలకి వెళ్లే ఊళ్లన్నీ అందులోవే. విస్తీర్ణంలో అది కృష్ణా పరీవాహకానికి నాలుగు రెట్లు. నీళ్లు మాత్రం కృష్ణలో పారేదానికంటే బాగా తక్కువ. అందుకే అక్కడ ఒక ఏడు కోత దండిగా ఉంటుంది, ఇంకో ఏడు తోటలకి నీళ్ల వాటా తగ్గి పని దొరకదు. ఆ తోటల భవిష్యత్తు తోటల దగ్గర నిర్ణయం కాదు. వేల కిలోమీటర్ల దూరాన సముద్రం మీద నిర్ణయమవుతుంది. మూడో కారణం అదే.

రెండు సముద్రాల ఊగిసలాట

పసిఫిక్ మహాసముద్రం మీద గాలులు మామూలుగా తూర్పు నుంచి పడమటికి వీస్తాయి. తొట్టెలో నీళ్లని చేత్తో ఒక వైపుకి తోస్తే ఎలా చేరతాయో, అలా వెచ్చటి నీళ్లు ఇండోనేషియా, ఆస్ట్రేలియా వైపు చేరతాయి. వెచ్చటి నీళ్ల మీద మబ్బు పుడుతుంది. ఆ గాలులు మెత్తబడ్డ ఏడు నీళ్లు వెనక్కి, పెరూ దేశం వైపుకి జారతాయి. మబ్బులూ వాటి వెంటే పోతాయి. దాన్ని ఎల్ నినో అంటారు. ఆస్ట్రేలియా తూర్పున వాన తగ్గుతుంది. గాలులు మామూలు కంటే గట్టిగా వీస్తే వెచ్చటి నీళ్లు ఇటు ఎక్కువ పోగవుతాయి. అది లా నినా. అప్పుడు వరదలు.

ఈ సంగతి కనిపెట్టిన కథలో మన కరువూ ఉంది. 1876, ధాత నామ సంవత్సరంలో మొదలైన కరువుకి బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాల్లో జనం లక్షల్లో పోయారు. అప్పుడు భారత వాతావరణ శాఖ పుట్టి రెండేళ్లు కూడా కాలేదు. దాని అధికారి హెన్రీ బ్లాన్‌ఫర్డ్, వాన ఎందుకు రాలేదో తెలుసుకోవడానికి చుట్టుపక్కల దేశాల్లో గాలి పీడనం ఎలా ఉందో వాకబు చేశాడు. ఇక్కడ అడిలైడ్‌లో చార్లెస్ టాడ్ అనే ఆయన ఉండేవాడు. 1872లో అడిలైడ్ నుంచి డార్విన్ దాకా ఎడారి మీదుగా టెలిగ్రాఫ్ తీగ వేయించింది ఆయనే. ఆ తీగ వెంట వచ్చే వాతావరణ లెక్కల్ని భారతదేశపు లెక్కలతో పోల్చి, రెండు దేశాల్లోనూ పెద్ద కరువులు సాధారణంగా ఒకేసారి వస్తున్నాయని 1888లో రాశాడు.

1904లో గిల్బర్ట్ వాకర్ అనే గణిత పండితుడు భారత వాతావరణ శాఖకి అధిపతిగా వచ్చాడు. మన రుతుపవనాన్ని ముందుగా చెప్పడమెలా అని ఇరవై ఏళ్లు లెక్కలు కట్టాడు. ప్రపంచం నలుమూలల నుంచి తెప్పించిన అంకెల్లో ఒక తక్కెడ కనిపించింది. పసిఫిక్ వైపు గాలి పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుంది, అటు తగ్గితే ఇటు పెరుగుతుంది. 1920ల్లో దానికి సదరన్ ఆసిలేషన్ అని పేరు పెట్టాడు. ఆ తక్కెడకీ ఎల్ నినోకీ ఉన్న ముడిని 1969లో బ్యెర్క్‌నెస్ అనే శాస్త్రవేత్త విప్పి చెప్పాడు. ఇప్పటికీ ఆ తక్కెడని తూచేది తాహితి దీవిలోనూ మన డార్విన్‌లోనూ తీసిన పీడనాల తేడాతోనే.

దీని అర్థం ఏమిటి? ఇక్కడ మనం చేసే పనికీ, అక్కడ మన అమ్మానాన్నలు చేసే సేద్యానికీ చాలాసార్లు ఒకే సముద్రం లెక్క రాస్తోంది. 1982లోనూ, 2002లోనూ ఎల్ నినో వచ్చింది. రెండుసార్లూ అక్కడ వానలు తగ్గాయి, ఇక్కడా కరువు వచ్చింది. అలాంటి ఏడు ఇక్కడ కోత పని తగ్గుతుంది, అక్కడ బోరు ఎండి ఇంటి నుంచి డబ్బుకి ఫోను వస్తుంది. రెండు దెబ్బలూ ఒకేసారి. ఎల్ నినో వస్తోందని వినపడ్డ ఏడు కొత్త అప్పు చేయకపోవడం, నాలుగు డాలర్లు పక్కన పెట్టుకోవడం మంచిదని చెప్పడం ఇందుకే.

అయితే ప్రతిసారీ అలా జరగదు. 1997లో చాలా పెద్ద ఎల్ నినో వచ్చినా మన దేశంలో వానలు మామూలుగానే పడ్డాయి. దీనికి ఒక జవాబు హిందూ మహాసముద్రంలో ఉంది. అక్కడా ఇలాంటి ఊగిసలాట ఒకటుందని 1999లో సాజి, గోస్వామి, వినయచంద్రన్, యమగాట అనే శాస్త్రవేత్తలు చెప్పారు. నలుగురిలో ముగ్గురు మన దేశంవాళ్లే. దాన్ని ఇండియన్ ఓషన్ డైపోల్ అంటారు. కొన్నేళ్లు ఆఫ్రికా వైపు నీళ్లు వేడెక్కి, సుమత్రా వైపు చల్లబడతాయి. దాన్ని పాజిటివ్ అంటారు. అది చాలాసార్లు మన రుతుపవనానికి సాయం చేస్తుంది, ఆస్ట్రేలియాకి మాత్రం వాన ఎగ్గొడుతుంది. తిరగబడి సుమత్రా వైపు నీళ్లు వేడెక్కితే నెగెటివ్. అప్పుడు ఆస్ట్రేలియా ఆగ్నేయానికి మబ్బులు బారులు కడతాయి.

2019 గుర్తు తెచ్చుకోండి. ఆ ఏడు పాజిటివ్ చాలా గట్టిగా వచ్చింది. మన దేశంలో రుతుపవనం మామూలుని మించింది. ఆగస్టులో శ్రీశైలం, నాగార్జునసాగర్ నిండి ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తారు. అదే ఏడు ఆస్ట్రేలియా మొత్తానికి సగటున 277 మిల్లీమీటర్లే పడింది. 1900 నుంచి ఉన్న లెక్కల్లో అంత తక్కువ ఎప్పుడూ లేదు. ఎండలోనూ అదే రికార్డు. ఆ తర్వాత వచ్చిన అగ్గిని ఇక్కడివాళ్లు బ్లాక్ సమ్మర్ అంటారు. 33 మంది మంటల్లో పోయారు, 3,000కి పైగా ఇళ్లు కాలిపోయాయి, సిడ్నీ వారాల తరబడి పొగలో ఉంది.

మూడేళ్లు తిరిగేసరికి 2022. ఇటు లా నినా, అటు నెగెటివ్ డైపోల్, రెండూ కలిశాయి. ఫిబ్రవరి 28న లిస్మోర్ ఊళ్లో నది 14 మీటర్లు దాటింది. సిడ్నీలో ఆ ఏడు 2,500 మిల్లీమీటర్ల పైన పడి, 1950 నాటి రికార్డు చెరిగిపోయింది. అక్టోబరులో షెపర్టన్, రోచెస్టర్, ఎచుకా వరదలో మునిగాయి. 2019లో ఎండిన దేశమే 2022లో మునిగింది. ఇలాంటి చోట నిరుటి అనుభవం పట్టుకుని ఈ ఏడు ఎలా నడుస్తాం?

నాలుగోది, ఇప్పుడు వీటన్నిటి కిందా నేల వేడెక్కుతోంది. 1910 నుంచి ఈ దేశపు సగటు వేడి ఒకటిన్నర డిగ్రీలు పెరిగింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం తేమ ఎక్కువ పట్టుకుంటుంది. కాబట్టి కురిసినప్పుడు గట్టిగా కురుస్తుంది. నైరుతి మూలన పెర్త్ వైపు మాత్రం 1970 నుంచి చలికాలపు వాన తగ్గుతూ వచ్చింది. అక్కడ డ్యాముల్లోకి నీళ్లు రాక 2006లోనే సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే ప్లాంటు పెట్టుకున్నారు.

మెల్‌బోర్న్‌లో ఒకే రోజు నాలుగు కాలాలు

మెల్‌బోర్న్ తమ్ముళ్లు తరచూ అడుగుతుంటారు, పొద్దున 40 డిగ్రీలు, సాయంత్రానికి స్వెట్టర్ ఎందుకని. ఎండాకాలంలో అధిక పీడనం తూర్పున సముద్రం మీదికి జరిగితే, దాని అంచు వెంట నడిమి ఎడారి గాలి ఉత్తరం నుంచి మెల్‌బోర్న్ మీదికి వీస్తుంది. వెనకే దక్షిణ మహాసముద్రపు చల్లగాలి వస్తుంది. అది తగిలిన కాసేపటికే పది, పదిహేను డిగ్రీలు పడిపోతుంది. దీన్నే ‘కూల్ చేంజ్’ అంటారు. హాయిగా ఉంటుంది గానీ, అగ్గి ఉన్న రోజు అదే ప్రమాదం. ఉత్తరపు గాలికి సన్నగా పొడుగ్గా పోతున్న మంట, గాలి నైరుతికి తిరిగేసరికి పక్క భాగమంతా ముందుకి దూకుతుంది. 2009 ఫిబ్రవరి 7న మెల్‌బోర్న్‌లో 46.4 డిగ్రీలు నమోదైంది. ఆ రోజు విక్టోరియా మంటల్లో 173 మంది చనిపోయారు.

సిడ్నీలో సంగతి వేరు. సముద్రపు గాలి బీచి పక్కనున్నవాళ్లని చల్లబరుస్తుంది, లోపలికి పోయేకొద్దీ దాని బలం తగ్గిపోతుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండేది బ్లాక్‌టౌన్, పెండిల్ హిల్, వెస్ట్‌మీడ్ వైపే. 2020 జనవరి 4న పెన్రిత్‌లో 48.9 డిగ్రీలు వచ్చింది. వార్తల్లో ‘సిడ్నీలో 32’ అంటే మన సబర్బులో 40 ఉండొచ్చు. మీ ఊరి పేరు కొట్టి చూసుకోవాలి, నగరం పేరు కాదు.

ప్రాణానికి సంబంధించిన నాలుగు మాటలు

మనలో ఒక మాట ఉంది. ‘రెంటచింతల ఎండలు చూశాం, రామగుండం ఎండలు చూశాం, మాకు ఎండ కొత్తా?’ అని. కొత్తే. అక్కడ మధ్యాహ్నం చెట్టు కిందికి చేరేవాళ్లం. ఇక్కడ బకెట్ల లెక్కన డబ్బులని నడినెత్తి ఎండలో ఆగకుండా కోస్తాం. గాలి పొడిది కాబట్టి చెమట పట్టినట్టే ఉండదు, ఒంట్లో నీళ్లు మాత్రం పోతుంటాయి. చలికాలం ఏసీ గోడౌన్‌లో గడిపి జనవరిలో తోటకి పోతే, ఒళ్లు ఎండకి అలవాటు పడ్డానికి వారం, పది రోజులు పడుతుంది. మొదటి రోజుల్లోనే ఎక్కువ మంది పడిపోతారు. తల తిరగడం, మాట తడబడటం, చెమట ఆగిపోవడం కనిపిస్తే నీడకి చేర్చి, ఒళ్లు తడిపి, వెంటనే 000కి ఫోను చేయాలి. కాసేపు పడుకుంటే తగ్గుతుందని వదిలేయొద్దు.

‘ఆగితే డబ్బులు పోతాయి’ అంటారా? 2022 ఏప్రిల్ 28 నుంచి తోట పనిలో పీస్ రేటు మీద చేసేవాళ్లకీ గంటకి కనీస వేతనం ఇచ్చి తీరాలి. నీళ్లు తాగడానికి ఆగినంత మాత్రాన మీ కూలి ఆ గీత కిందికి పోకూడదు. ఇన్ని డిగ్రీలు దాటితే పని ఆపాలి అని దేశమంతటికీ ఒక అంకె చట్టంలో లేదు. కానీ ఆరోగ్యానికి తీవ్రమైన ప్రమాదం ఎదురుగా ఉందనిపించే సరైన కారణం ఉంటే పని ఆపే హక్కు చాలా రాష్ట్రాల చట్టంలో ఉంది. విక్టోరియాలో చట్టం వేరు, అక్కడ సైటులో కార్మికుల భద్రతా ప్రతినిధిని పట్టుకోండి. వీసా ఏదైనా ఈ రక్షణలు మనకీ వర్తిస్తాయి. ఇంగ్లీషుకి జంకేవాళ్లు 131 450కి ఫోను చేసి తెలుగు దుబాసీ కావాలని అడగొచ్చు.

రెండోది వరద నీళ్లు. డెలివరీ ఆలస్యమవుతుందనో, షిఫ్టుకి టైమైపోతోందనో నీళ్లు పారే రోడ్డు మీదికి బండి పోనివ్వకండి. జానెడు కూడా లేని నీళ్లు, 15 సెంటీమీటర్లు పారుతుంటే చిన్న కారు తేలిపోతుంది. కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైకి కనపడదు. చుట్టూ తిరిగి వెళ్లండి, లేదా ఆగిపోండి. వరదలో, గాలివానలో సాయానికి ఎస్ఈఎస్ నంబరు 132 500. ప్రాణం మీదికి వస్తే 000.

మూడోది అగ్గి. మన కార్తీక వనభోజనాలు నవంబరులో వస్తాయి, ఇక్కడ అగ్గి కాలమూ అప్పుడే మొదలవుతుంది. వెళ్లే ముందు ఆ రోజు ‘టోటల్ ఫైర్ బ్యాన్’ ఉందేమో చూసుకోండి. ఉంటే కట్టెల పొయ్యి వెలిగించడం నేరం. బయట వెల్డింగ్, గ్రైండింగ్ చేసేవాళ్లకీ ఆ రోజు ఆంక్షలుంటాయి. 2022 సెప్టెంబరు నుంచి దేశమంతా ఒకే బోర్డు పెట్టారు: మోడరేట్, హై, ఎక్స్‌ట్రీమ్, కెటాస్ట్రాఫిక్. చివరిది కనిపించిన రోజు అడవి దగ్గరి పనికి పోకపోవడమే పని.

నాలుగోది చాలామందికి తెలియదు. వసంతంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, విక్టోరియాలో రై గడ్డి పుప్పొడి గాలిలో నిండుతుంది. ఉరుముల వాన తేమకి ఆ పుప్పొడి చిన్న ముక్కలై, వానకి ముందు వచ్చే గాలితో ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. 2016 నవంబరు 21 సాయంత్రం మెల్‌బోర్న్‌లో ఇలాగే వేల మంది ఆసుపత్రులకి పరుగెత్తారు, పది మంది చనిపోయారు. ఆ రోజు జబ్బుపడ్డవాళ్లలో మన ఉపఖండం నుంచి వచ్చినవాళ్లు జనాభా లెక్కని మించి ఉన్నారు. అంతకుముందు ఆస్తమా లేనివాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఈ కాలంలో తుమ్ములు, ముక్కు కారడం ఉన్నవాళ్లు డాక్టరుని అడిగి ఇన్‌హేలర్ దగ్గర పెట్టుకోండి. హెచ్చరిక ఉన్న రోజు ఉరుములు వినపడితే లోపలికి పోయి కిటికీలు మూయండి.

కార్తెల బదులు ఏం చూడాలి

ఇవన్నీ గుర్తుండవు అంటారు. గుర్తుండక్కర్లేదు. ప్రభుత్వ వాతావరణ శాఖ, బ్యూరో ఆఫ్ మీటియరాలజీ, 1908 నుంచి ఈ పనే చేస్తోంది. దాని యాప్ ఉచితం. పనికి బయల్దేరే ముందు రోజు రాత్రి మీ ఊరి వేడి, వాన, గాలి, హెచ్చరికలు చూడండి. కోతలకి ఊరు మారే ముందు, రాబోయే మూడు నెలల అంచనా చూడండి. ఎల్ నినో, డైపోల్ సంగతులు కూడా అక్కడే ఉంటాయి. అగ్గి, వరద హెచ్చరికలకి మూడు రంగులు: పసుపు అంటే కనిపెట్టి ఉండండి, నారింజ అంటే కదలండి, ఎరుపు అంటే ప్రాణాపాయం. కరెంటు పోయి ఫోను పనిచేయకపోతే కారు రేడియోలో స్థానిక ఏబీసీ పెట్టుకోండి.

ఒక జాగ్రత్త. అంచనా అంటే హామీ కాదు. 2023 సెప్టెంబరులో బ్యూరో ఎల్ నినో వచ్చిందని ప్రకటించింది. పొడి ఏడాదే అనుకున్నారు జనం. ఆ డిసెంబరులోనే జాస్పర్ తుపాను వచ్చి కెయిన్స్ చుట్టుపక్కల వరదలు ముంచెత్తాయి. మూడు నెలల అంచనా డబ్బు సర్దుకోవడానికి. రేపటి హెచ్చరిక ప్రాణం కాపాడుకోవడానికి. ఒకదాని పని ఇంకొకదానితో చేయించొద్దు.

వేదిక తరఫున రెండు పనులు అనుకుంటున్నాం. ప్రతి ఊరి వాట్సాప్ గ్రూపులో ఒకరు హెచ్చరికలు చూసి తెలుగులో రెండు ముక్కలు రాసే బాధ్యత తీసుకోవాలి. కొత్తగా దిగిన పిల్లలకి బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు చూపించిన రోజే ఆ యాప్ కూడా ఫోనులో పెట్టించాలి. ఖర్చు లేని పనులు ఇవి.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మన పెద్దలు అన్నారు. వాన రాకడ ఇప్పుడు చాలావరకు ముందే తెలుస్తోంది. అది తెలిసి కూడా చూసుకోక మనలో ఒక్కరు పోయినా, ఆ కబురు ఊళ్లో ఎదురుచూసే ఇంటికి చెప్పాల్సింది మనమే. ఆ అవసరం రాకుండా చూసుకుందాం.